డాక్టరు కాకపోతే దండగేనా?

నీట్ ఫలితాలు వచ్చిన వారం పది రోజులకి జంషెడ్‌పూర్ తెలుగు ఇళ్ళలో ఒక మాట తిరుగుతుంది. "ఫలానావాళ్ళమ్మాయికి సీటు రాలేదటండీ. ఏం చేస్తారు, బీఎస్సీలో పడేశారు." ఎవరికో ఒంట్లో బాగాలేదని చెప్పే గొంతుతో చెబుతారు ఆ మాట. బిష్టుపూర్ రామమందిరంలో కల్యాణానికి కూడినా అదే, కద్మాలో పేరంటానికి వెళ్ళినా అదే. బయాలజీ తీసుకుంటే డాక్టరు కావాలి, కాకపోతే ఆ చదువు దండగ. బాటనీ, జువాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ అని ఎన్ని పేర్లు పెట్టినా చివరికి మగపిల్లాడికి ట్యూషన్లు, ఆడపిల్లకి పెళ్ళిదాకా కాలక్షేపం. ఇదీ మనవాళ్ళ తీర్మానం.

ఈ తీర్మానం తప్పు. అయితే దీన్ని నమ్మేవాళ్ళు తెలివితక్కువవాళ్ళని నేను అనను. 1907లో టాటా ఉక్కు కంపెనీ పుట్టి, 1912లో సాక్చిలో మొదటి ఉక్కు తీసిన నాటి నుంచి ఈ ఊళ్ళో చదువుకి కొలత గేటు. ఏ చదువు చదివితే ఏ గేటు తెరుచుకుంటుందన్నదే ప్రశ్న. ట్రేడ్ అప్రెంటిస్‌కి ముందు కంపెనీ శిక్షణ సంస్థ ఎస్‌ఎన్‌టీఐ గేటు, ఆ తర్వాత ప్లాంటు గేటు. ఇంజనీరుకి నేరుగా ప్లాంటు గేటు. డాక్టరుకి కంపెనీ ఆసుపత్రి టీఎంహెచ్ గేటు. బీఎస్సీ జువాలజీకి ఏ గేటు? నెలనెలా తేదీ తప్పకుండా జీతం, క్వార్టరు, వైద్యం చూసి పెరిగినవాళ్ళు ఇలా అడగడంలో వింతేమీ లేదు. కాబట్టి నేనూ ఆ కొలతతోనే మాట్లాడతాను. ఉద్యోగం, జీతం, నలుగురిలో మర్యాద. జ్ఞానం కోసం చదవండని ఉపదేశం చెయ్యబోవడం లేదు. ఉపదేశాలతో ఎవరి పొయ్యీ వెలగదు.

ముందు లెక్క చూద్దాం. 2025లో నీట్ రాసినవాళ్ళు 22 లక్షల పైచిలుకు. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు దాదాపు 1.2 లక్షలు, అందులోనూ సగానికి దగ్గరగా ప్రైవేటువి. అంటే సీటుకి పద్దెనిమిది మంది. బయాలజీకి డాక్టరు చదువు ఒక్కటే గమ్యమన్నవాళ్ళు, ఆ పద్దెనిమిది మందిలో పదిహేడుగురి రెండేళ్ళ చదువూ బూడిదలో పోసిన పన్నీరని ఒప్పుకోవాలి. ఇంజనీరింగ్ విషయంలో ఇలా ఎవరూ అనరు. ఐఐటీ రాకపోతే లెక్కలు చదవడం దండగ అని ఏ తండ్రీ అనడు. ఎన్‌ఐటీ చూస్తాడు, అదీ రాకపోతే ఇంకోటి చూస్తాడు. ఒక్క బయాలజీకే ఒకే తలుపు, దానికి ఒకే తాళం. ఈ న్యాయం ఎక్కడిది?

సరే, గేటు అన్నారు కదా, ప్లాంటు గేటు లోపలికే వెళ్దాం.

బొగ్గుని గాలి తగలకుండా వెయ్యి డిగ్రీల పైన కాలిస్తే కోక్ వస్తుంది, దానితోపాటు గ్యాసూ వస్తుంది. ఆ గ్యాసుని చల్లార్చి కడిగిన నీళ్ళలో ఫినాల్, సయనైడ్, థయోసయనేట్, అమోనియా కలిసి ఉంటాయి. వాటిని అలాగే సువర్ణరేఖలోకో ఖర్కాయిలోకో వదిలితే చేప మిగలదు. కోక్ ఓవెన్ల నుంచి బయటికి వదిలే నీళ్ళలో లీటరుకి ఫినాల్ 1 మిల్లీగ్రాము, సయనైడ్ 0.2 మిల్లీగ్రాము దాటకూడదని దేశమంతటికీ నిబంధన. ఆ హద్దుకి దించే పనిలో పెద్ద చెయ్యి బాక్టీరియాది. ఏరేషన్ ట్యాంకులో గాలి కొడుతూ పెంచిన బురదలో కోట్లకొద్దీ సూక్ష్మజీవులు ఫినాల్‌ని తిని బతుకుతుంటాయి. ఆ విభాగాన్ని కొన్ని ఉక్కు ఫ్యాక్టరీల్లో బీఓడీ ప్లాంటంటారు, కొన్నిచోట్ల బీఓటీ ప్లాంటంటారు, విశాఖ ఉక్కులో ఎంబీసీ ప్లాంటంటారు. పేరేదైనా లోపల ఉన్నది పశువుల కొట్టం లాంటి వ్యవహారమే. మేత వెయ్యాలి, గాలి ఆడాలి, జబ్బు చేస్తే కనిపెట్టాలి.

మేత దగ్గరే తిరకాసు ఉంది. కోక్ నీళ్ళలో నైట్రోజన్ బోలెడు, ఫాస్ఫరస్ మాత్రం దాదాపు ఉండదు. బయటి నుంచి ఫాస్ఫారిక్ ఆమ్లం పొయ్యకపోతే బాక్టీరియా పెరగదు. ఒక్కసారి సయనైడ్ మోతాదు మించి వచ్చిందా, ట్యాంకు మీద నురగ పొంగుతుంది, బురద కింద కూర్చోనంటుంది. అమోనియాని ఆక్సీకరించే నైట్రోసోమోనాస్ లాంటివి మరీ సుకుమారం. పేగుల్లో ఉండే ఈ-కోలై అన్నీ కుదిరితే 20 నిమిషాల్లో రెండింతలవుతుంది. వీటికి గంటలకి గంటలు, ఒక్కోసారి రోజుకి పైనే పడుతుంది. చచ్చిపోతే మళ్ళీ నిలదొక్కుకోవడానికి వారాలు. ఇది పైపులూ పంపుల చదువుతో తెలిసే సంగతి కాదు.

ఏరేషన్ ట్యాంకు ఆరోగ్యం తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఒకటుంది. కోక్ నీళ్ళదైనా, ఊరి మురుగునీళ్ళదైనా పద్ధతి ఒకటే. బురదలోంచి ఒక చుక్క తీసి స్లైడు మీద వేసి మైక్రోస్కోపు కింద పెడతారు. బూడిదరంగు ముద్దల అంచున చిన్న చిన్న గంటల్లాంటి తలలు, వాటి కింద సన్నని కాడలు. స్లైడుని వేలితో తడితే కాడ చటుక్కున స్ప్రింగులా చుట్టుకుపోతుంది, కాసేపటికి మళ్ళీ మెల్లగా చాపుతుంది. అది వోర్టిసెల్లా. కాడలు చాచి కుదురుగా ఉంటే ట్యాంకు బాగున్నట్టు. కాడలు వదిలేసి తలలు మాత్రం ఈదుతూ తిరుగుతుంటే గాలి చాలడం లేదనో, ఏదో విషం వచ్చిపడుతోందనో అనుమానించాలి. దారపు పోగుల్లాంటి బాక్టీరియా అల్లుకుపోయి ఉంటే బురద ఇక కూర్చోదు. ఇదే వోర్టిసెల్లాని బీఎస్సీ జువాలజీ విద్యార్థి ప్రాక్టికల్ రికార్డులో పెన్సిలు చెక్కుకుని మరీ గీస్తాడు. "ఇది గీస్తే ఏం ఒరుగుతుందిరా" అని ఇంట్లో మామయ్య వెక్కిరించేదీ దాన్నే. ఆ మామయ్య ముప్ఫయ్యేళ్ళు కోక్ ఓవెన్లలో పనిచేసి రిటైరైనవాడైనా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ట్యాంకులో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలవడానికి ల్యాబ్‌లో మాలిబ్డేట్ కలిపి నీలిరంగు రప్పిస్తారు. ఆ నీలిరంగు లెక్కని జీవరసాయన శాస్త్రంలో నిత్యం వాడే పనిముట్టుగా చేసింది 1925 నాటి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. ఆ సుబ్బారావు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. మనవాళ్ళు ఆయన్ని గొప్ప డాక్టరని చెప్పుకుంటారు. వైద్యం చదివిన మాట నిజమే. పేరు తెచ్చింది మాత్రం ల్యాబ్ బల్ల. ల్యాబ్ మాటకొస్తే, ఈ ఊరి బర్మామైన్స్‌లో 1950 నుంచి ఉన్న జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాలలో, పక్కనే ఉన్న తురామ్‌డీహ్ గనుల ఖనిజం నుంచి బాక్టీరియా సాయంతో యురేనియం రాబట్టే ప్రయోగాలు చేశారు. ఇనుముని ఆక్సీకరించి బతికే బాక్టీరియా అది. ఇనుప ఊళ్ళో బయాలజీకి పనిలేదనేవాళ్ళకి ఇంతకంటే జవాబేం కావాలి?

ఊరు దాటి పడమటగా ఖర్సావాన్, కుచాయి వైపు పోతే అడవుల్లో తెల్లమద్ది, నల్లమద్ది చెట్ల మీద టసర్ పట్టుపురుగులు పెంచుతారు. దేశంలో టసర్ పట్టు అన్నిటికన్నా ఎక్కువ వచ్చేది జార్ఖండ్‌లోనే. దానికోసం రాంచీ దగ్గర 1964 నుంచి కేంద్ర టసర్ పరిశోధన శిక్షణ సంస్థ ఉంది. మన పిల్లల్లో ఎంతమందికి ఆ సంస్థ పేరు తెలుసో అడిగి చూడండి. ఆ పురుగులకి పెబ్రిన్ అనే జబ్బు వస్తుంది. నోసిమా అనే సూక్ష్మజీవి తల్లి నుంచి గుడ్డులోకి దిగుతుంది. జబ్బు తల్లి గుడ్లు కలిశాయంటే ఆ పెంపకం మొత్తం మీదికొస్తుంది. దీనికి మందు లేదు, జబ్బులేని గుడ్లు ఏరుకోవడమే దారి. గుడ్లు పెట్టేసిన ఆడపురుగు పొట్టని చిన్న కల్వంలో వేసి, కాస్త క్షార ద్రావణం పోసి నూరి, ఒక చుక్క మైక్రోస్కోపు కింద చూస్తారు. కోడిగుడ్డు ఆకారంలో మెరిసే స్పోర్లు కనిపించాయా, ఆ తల్లి పెట్టిన గుడ్లన్నీ మంటలోకే. కనిపించకపోతే రైతు ఇంటికి. పురుగుకి పురుగు, చుక్కకి చుక్క, కళ్ళు నొప్పెట్టేదాకా చూడాల్సిందే. చూసే మనిషి అజాగ్రత్త చేస్తే ఒక హో తెగ రైతు కుటుంబం పంట పోతుంది. 1865 నుంచి అయిదేళ్ళపాటు ఫ్రాన్సు పట్టు రైతుల మధ్య తిరిగి ఈ పరీక్షని స్థిరపరిచినవాడు లూయీ పాశ్చర్. ఆయన డాక్టరు కాదు, కెమిస్టు.

పట్టుపురుగు గొడవ మనకెందుకు అంటారా? అయితే సొంతూరికే పోదాం. వెనామీ రొయ్య 2009లో మన చెరువుల్లోకి వచ్చాక కోస్తా జిల్లాల్లో రైతుల నోట తెల్లమచ్చ తర్వాత ఎక్కువగా వినపడే పేరు ఈహెచ్‌పీ. రొయ్య చావదు, ఎదగదు. మేత ఖర్చు మాత్రం ఎదుగుతుంది. ఈ ఈహెచ్‌పీ కూడా నోసిమా లాగే మైక్రోస్పోరీడియా వర్గానిదే. పిల్ల కొనే ముందు రైతు పీసీఆర్ ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తాడు. ఆ ల్యాబ్‌లో డీఎన్‌ఏ తీసి, యంత్రంలో పెట్టి, వచ్చిన గీతని చదివి చెప్పేది ఎమ్మెస్సీ చదివిన మనిషి. ఆ మనిషి తప్పు చెబితే ఎకరాలకి ఎకరాలు మునుగుతాయి. కుచాయిలో స్పోరు చూడటం నేర్చిన పిల్ల నెల్లూరులో ఈ సంగతి అందుకోవడానికి ఎంతో కాలం పట్టదు. ఒకచోట నేర్చినది ఇంకోచోట అమ్ముడుపోవడాన్నే కదా మనవాళ్ళు 'స్కోపు' అంటారు.

ఇప్పుడు అసలు నొప్పి దగ్గరికి వద్దాం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు. జంషెడ్‌పూర్‌లో ఉన్న మన కుటుంబాల్లో ఆ పక్క చుట్టరికం లేని కుటుంబాలు తక్కువ. కిడ్నీలు పాడై డయాలసిస్‌కి తిరిగే బంధువుల కోసం ఇక్కడి నుంచి డబ్బు పంపేవాళ్ళున్నారు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రి తెరిచారు. మంచిదే. డాక్టర్లు డయాలసిస్ చేస్తారు, చెయ్యాలి. కానీ షుగరు లేదు, బీపీ లేదు, కొబ్బరితోటలో పనిచేసుకునే నలభయ్యేళ్ళ మనిషికి కిడ్నీ ఎందుకు చెడుతోంది? నీళ్ళలోని సిలికాయా, పురుగుమందులా, ఎండలో ఒళ్ళు ఎండిపోవడమా, వంశంలో వస్తున్నదా, అన్నీ కలిసా? ఇన్నేళ్ళయినా ఇదీ కారణమని తేల్చినవాళ్ళు లేరు. తేల్చాలంటే ఊరూరా నీళ్ళు, మట్టి, రక్తం, మూత్రం నమూనాలు తీసి ఏళ్ళ తరబడి చూడాలి. టాక్సికాలజీ వాళ్ళు, జెనెటిక్స్ వాళ్ళు, బయోకెమిస్టులు, లెక్కలు కట్టే ఎపిడెమియాలజిస్టులు కావాలి. మన తెలివైన పిల్లల్ని అందరినీ రోగి మంచం పక్కకే తోలి, ఆ రోగం ఎక్కడి నుంచి వచ్చిందో వెతికే పనిని 'సీటు రానివాళ్ళ చదువు' అని ఈసడిస్తున్నాం. ఉద్దానం మనుషులకి ఇంతకు మించిన ద్రోహం ఉందా అనిపిస్తుంది నాకు.

"బాటనీ చదివి ఏం చేస్తాడండీ" అనే ప్రశ్నకి పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు కథ చెప్పాలి. బాటనీ చదివిన ఆ కుర్రవాడు 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చేసిన జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర చేరాడు. మొదట చేసిన పనేమిటో తెలుసా? ఏ రంగు లంటానా పువ్వు మీద ఏ సీతాకోకచిలుక వాలుతోందో కూర్చుని లెక్కపెట్టడం. దల్మా కొండ దారిలో కాలికి తగిలే ఆ ముళ్ళ కంపే. ఆ పని 1960లో 'నేచర్' పత్రికలో అచ్చయింది. ఆ తర్వాత ఆంధ్రదేశంలో మేనరికాల మీద లెక్కలు తీశాడు. మేనమామకి ఇచ్చి చెయ్యడం, మేనత్త కొడుక్కి చెయ్యడం మనకి ఆచారం. పుట్టే బిడ్డల మీద దాని ప్రభావమేమిటో మనుషుల మధ్య తిరిగి, వంశవృక్షాలు గీసి చూసినవాళ్ళలో ఆయనొకడు. అమెరికా వెళ్ళి జన్యుశాస్త్రవేత్తగా స్థిరపడ్డాడు. ఇంకో చమత్కారం ఉంది. ఆయన గురువు హాల్డేన్‌కి సైన్సులో డిగ్రీయే లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో గ్రీకు, లాటిన్ సాహిత్యం చదివిన మనిషి. మన పెళ్ళిసంబంధాల మార్కెట్లో ఆయనకి ఏం రేటు పలికేదో!

ఇక్కడ అవతలివాళ్ళ చేతిలో ఉన్న బలమైన ఆయుధాన్ని చూడాలి. "ఇవన్నీ సరే. మా పక్కింటి కుర్రాడు బయోటెక్నాలజీ చేసి హైదరాబాదులో పదిహేను వేలకి పనిచేస్తున్నాడు. ఐటీఐ చేసినవాడు అంతకంటే ఎక్కువ తెచ్చుకుంటున్నాడు." ఇది నిజం. కప్పిపుచ్చడం నాకిష్టం లేదు. ఒట్టి బీఎస్సీతో వచ్చే మొదటి జీతం తక్కువే. కానీ ఆ పక్కింటి కుర్రాడి మూడేళ్ళని కాస్త విప్పి చూడండి. పేరు కాలేజీ రిజిస్టర్లో ఉంది, మనిషి నీట్ కోచింగ్‌లో ఉన్నాడు. మొదటి ఏడు రెండో ప్రయత్నం, రెండో ఏడు మూడో ప్రయత్నం. మూడో ఏడు పరీక్షల ముందు సీనియర్ రికార్డు తెచ్చి రాత్రికి రాత్రి ఎక్కించాడు. పిపెట్ సరిగ్గా పట్టుకోవడం రాదు, అగార్ ప్లేటు సొంతంగా పోసింది లేదు, గ్రామ్ స్టెయిన్‌లో ఏ రంగు ఎందుకు నిలుస్తుందో తెలియదు. కాలేజీ సంగతీ అంతంతే. మూడేళ్ళలో మైక్రోస్కోపు బీరువాలోంచి బయటికి తియ్యని డిపార్టుమెంట్లు ఈ దేశంలో కొల్లలు. ఈ కుర్రాడికి పదిహేను వేలిచ్చిన కంపెనీవాడు ధర్మాత్ముడనే అనుకోవాలి. చదవని చదువుకి కూలి రాలేదని ఆ చదువునే తిట్టిపొయ్యడం ఏం సబబు? బీఎస్సీని మనమే వెయిటింగ్ రూము చేశాం. వెయిటింగ్ రూములో కూర్చున్నందుకు ఎవరు జీతమిస్తారు?

ఇదే పట్టా శ్రద్ధగా చదివినవాళ్ళకి ఏం జరుగుతుందో కూడా చెప్పాలి కదా. శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలో, విశాఖ పక్క పరవాడలో మందుల ఫ్యాక్టరీలున్నాయి. ఇంజెక్షను తయారయ్యే ఏ ఫ్యాక్టరీలోనైనా గదుల్లో ప్లేట్లు తెరిచిపెట్టి గాల్లో ఏ సూక్ష్మజీవి ఉందో చూడకుండా, స్టెరిలిటీ పరీక్ష పూర్తికాకుండా బ్యాచ్ గేటు దాటదు. ఆ కాగితం మీద సంతకం మైక్రోబయాలజిస్టుది. హైదరాబాదులో 1997లో శాంతా బయోటెక్ హెపటైటిస్-బి టీకా తెచ్చింది. స్థాపకుడు వరప్రసాద్ రెడ్డి ఇంజనీరు, ఆ మాట మనవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. ఈస్టులోకి వైరస్ జన్యువుని ఎక్కించింది ఎవరో మాత్రం అడగరు. నెట్‌లో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన భృతి తెచ్చుకున్నవాడికి 2023 జనవరి నుంచి నెలకి 37,000 రూపాయలు, రెండేళ్ళ తర్వాత 42,000, ఇంటద్దె అదనం. చదువుకుంటూ తెచ్చుకునే డబ్బు అది, ఇంట్లోంచి పట్టుకెళ్ళేది కాదు. పీహెచ్‌డీకి ఏళ్ళు పడుతుందంటారు. ఎంబీబీఎస్ అయిదున్నరేళ్ళు, ఆపైన పీజీ మూడేళ్ళు, ముందు కోచింగ్ రెండేళ్ళు ఎవరి లెక్కలోకి వస్తాయి? అక్కడ ఓపిక పట్టే తండ్రికి ఇక్కడ మాత్రం మూడో నెలలోనే జీతం స్లిప్పు కావాలి.

కాలేజీ కరపత్రాలు రాసేవాళ్ళ మీదా నాకు సానుభూతి లేదు. రెండువేల సంవత్సరం ప్రాంతంలో బయోటెక్ అంటే రేపో మాపో అమెరికా అన్నట్టు ఊదరగొట్టి, ల్యాబ్ లేకుండానే లక్షలు గుంజినవాళ్ళు ఉన్నారు. ఇవాళ బీఎస్సీ మీద ఉన్న అపనమ్మకంలో వాళ్ళ వాటా పెద్దది. బయోటెక్నాలజీ అన్న బోర్డు చూసి కాదు, ల్యాబ్ తలుపు తీయించి చూసి చేరాలి. ప్రాక్టికల్స్ నిజంగా జరిగే మామూలు జువాలజీ డిపార్టుమెంటు, బోర్డు మాత్రమే మెరిసే బయోటెక్ కాలేజీ కన్నా వెయ్యి రెట్లు నయం.

"ఆడపిల్ల, పెళ్ళిదాకా ఏదో ఒకటి" అనే మాట గురించి ఎక్కువ రాయను. కాటలిన్ కరికో బయాలజీ చదివి, బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసి, విశ్వవిద్యాలయం హోదా తగ్గించినా ఎంఆర్‌ఎన్‌ఏని వదలకుండా పట్టుకుని 2023లో వైద్యశాస్త్రపు నోబెల్ అందుకుంది. వైద్యశాస్త్రంలో నోబెల్, ఎంబీబీఎస్ లేకుండా. ఇక్కడ అంత దూరం కూడా పోనక్కర్లేదు. 2023 జూలై 1న మొదలైన సికిల్ సెల్ నిర్మూలన పథకం 7 కోట్ల మందికి రక్త పరీక్ష చెయ్యాలని పెట్టుకుంది, జబ్బు నిర్మూలనకి గడువు 2047. జార్ఖండ్ అందులో ఉంది. మొదటి పరీక్షలో అనుమానం వచ్చిన ప్రతి నమూనాకీ ఎలక్ట్రోఫొరెసిస్సో హెచ్‌పీఎల్‌సీయో చేసి, ఆ కుటుంబాన్ని కూర్చోబెట్టి, ఇద్దరు క్యారియర్లు పెళ్ళాడితే బిడ్డలకి ఏమవుతుందో వాళ్ళ భాషలో చెప్పే మనుషులు కావాలి. మేనరికాల ఇళ్ళలో పుట్టి పెరిగిన మన అమ్మాయిల కంటే ఈ మాట బాగా చెప్పగలవాళ్ళు ఎవరు?

దారులు తెలియకపోవడం మాత్రం నిజమైన ఇబ్బందే, అందుకని ఒక్క గుక్కలో చెబుతాను. ప్లస్‌టూ తర్వాత ఐసర్లకి వేరే పరీక్ష, భువనేశ్వర్ నైసర్‌కి నెస్ట్. ఐసర్లున్న బరంపురం, కలకత్తా, నైసర్ ఉన్న భువనేశ్వర్ ఇక్కడి నుంచి ఒక్క రాత్రి రైలు దూరం లోపే. బీఎస్సీ తర్వాత ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్, కేంద్ర విశ్వవిద్యాలయాలకి సీయూఈటీ. ఎమ్మెస్సీ తర్వాత నెట్, గేట్. డిగ్రీలో బాటనీగాని జువాలజీగాని ఉంటే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకి అర్హత ఉంటుంది. ఒట్టి బీకామ్‌కి ఉండదు. సైన్సు డిగ్రీ ఉంటే పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయొచ్చు. ఐఏఎస్ అంటే ఎగిరి గంతేసే ఇంట్లో ఐఎఫ్ఎస్ మాట ఎన్నడైనా వినపడిందా? దల్మా ఏనుగులు ఊరి పొలిమేరకి వచ్చినప్పుడు ఫోటోలు తీసుకోవడానికి మాత్రం పరిగెడతాం.

చివరికి ఓడిపోయినవాడు పట్టుకునే వాదన ఒకటి మిగులుతుంది. "ఎన్ని చెప్పినా ఆ ఉద్యోగాలు హైదరాబాదులోనో, నెల్లూరులోనో, బెంగళూరులోనో. పిల్లల్ని అంత దూరం ఎలా పంపుతాం? ఇక్కడైతే క్వార్టరు ఉంది, మనవాళ్ళున్నారు." బెంగళూరు మనకి పరాయి ఊరేమీ కాదు. ఈ ఊరికి పేరిచ్చిన జంషెట్జీ టాటా ఉక్కుతో ఆగలేదు. జపాను నిపుణుల్ని రప్పించి బెంగళూరులో పట్టుపురుగుల ఫారం పెట్టించాడు. ఆ పేటని ఇప్పటికీ టాటా సిల్క్ ఫారం అనే పిలుస్తారు. ఆయన ఆస్తితో 1909లో అక్కడే పుట్టిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఇవాళ దేశంలోని మేటి జీవశాస్త్ర విభాగాలున్నాయి. ఇక దూరం సంగతి. మన తాతలు కాళీమాటీ అనే చిన్న స్టేషన్లో దిగినప్పుడు ఇక్కడ క్వార్టరూ లేదు, రామమందిరమూ లేదు, తెలుగు మాట్లాడే కిరాణా కొట్టూ లేదు. భాష రాని చోటికి, ఏ పని ఇస్తారో తెలియకుండా వచ్చారు. వాళ్ళ మునిమనవరాలు చేతిలో ఎమ్మెస్సీ పట్టా, ఫోనులో రిటర్న్ టికెట్టు పెట్టుకుని తెలుగు మాట్లాడే హైదరాబాదు వెళ్తానంటే దూరమని అడ్డుపడేవాళ్ళు, ముందు తమ ఇంటి హాల్లో పూలదండ వేసి పెట్టుకున్న ఆ తాతగారి ఫోటోకి ఏం చెబుతారో ఆలోచించుకోవాలి.